మందు కొట్టే ముందు ఆకు తిప్పి చూడండి

పోయిన ఎండాకాలం మా వీధిలో ఉండే ఒక అక్క నన్ను నిలబెట్టి అడిగింది. "తమ్ముడూ, మా మందారానికి తెల్లగా బూజు పట్టింది. సేనికి తెచ్చిన మందు ఏమన్నా మిగిలుంటే రవ్వంత ఇయ్యి, నీళ్లలో కలిపి కొడతా" అని.

పోయి చూస్తి. ఒక్క గది కాలనీ ఇల్లు. ముందర నాలుగు బండలంత జాగా. అంట్లు తోమేది ఆడనే, బట్టలు ఉతికేది ఆడనే, మనవడు ఆడుకునేది ఆడనే. ఆ మూలన నూనె డబ్బాలో మందారం. రోజుకు రెండు పూలు పూస్తే ఒకటి దేవుడి పటానికి, ఒకటి ఆమె కొప్పులోకి. ఆకు తిప్పి చూస్తే అడుగున పిండి చల్లినట్టుంది. కొమ్మ పొడుగునా చీమలు ఎక్కుతా దిగుతా ఉన్నాయి. "అక్కా, ఇది బూజు కాదు, పురుగు. దీనికి సేను మందు వద్దు" అంటి. "మరి ఏం చేయల్ల?" అని అడిగింది.

ఆమెకు ఆ పొద్దు చెప్పిందే ఇంకొంచెం వివరంగా ఈడ రాస్తాండా. ఎందుకంటే ఈ ప్రశ్న ఆమె ఒక్కదానిది కాదు.

"తాగేదానికే నీళ్లు లేని జిల్లాలో పూలమొక్కల సోకేంది?" అని అడిగేటోళ్లు ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. మనది పడమటి కనుమల చాటున పడిపోయిన నేల. నైరుతి రుతుపవనం తడినంతా ఆ కనుమల మీదనే దించేసి వస్తాది. ఈశాన్య రుతుపవనం తూర్పు తీరంలో కురిసి మన దాకా వచ్చేసరికి పలచబడతాది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర వాన, అదీ కురిస్తే. కానీ నాకు తెలిసి ఈ జిల్లాలో పూలమొక్క లేని ఆడమనిషి ఇల్లు అరుదు. డబ్బాలోనో, పగిలిన కడవలోనో, బకెట్లోనో ఒక కనకాంబరం, ఒక నందివర్ధనం ఉంటాది. అది సోకు కాదు. కాబట్టి పెంచొద్దు అనేది నా మాట కాదు. ఈ నేలకు తగినట్టు పెంచుదాం అనేదే నా మాట.

ముందు మొక్కను ఎంచుకోండి

సగం చీడ మొక్కను ఎంచుకునేటప్పుడే వస్తాది. బెంగళూరు నర్సరీల నుంచి వచ్చే గులాబీ చల్లటి ఊర్ల మొక్క. నలభై డిగ్రీల ఎండలో దాన్ని సిమెంటు బండ మీద పెడితే అది బతకడానికే తన్నుకులాడతాది. వాడిన మొక్క పురుగుకు సులువుగా దొరుకుతాది. మనిషి నీరసంగా ఉంటే జ్వరం పట్టినట్టే.

మన ఎండకు తట్టుకునేవి ఉన్నాయి. కాగితాల పూలచెట్టు నీళ్లు తక్కువైనప్పుడే బాగా పూస్తాది. రోజూ పోస్తే ఉత్త ఆకులే వస్తాయి. నందివర్ధనం, దేవగన్నేరు, బిళ్ళగన్నేరు వారానికి రెండు తడులతో నెట్టుకొస్తాయి. ఎడారి గులాబీ మొదట్లోనే నీళ్లు దాచుకుంటాది, ఎక్కువ పోస్తే కుళ్లిపోతాది. రోడ్డు మధ్యలో కనిపించే గన్నేరు కూడా గట్టిదే. అయితే అది ఆకు నుంచి వేరు దాకా విషం, చిన్న పిల్లోళ్లు ఉండే ఇంట్లో వద్దు. ఇంక తంగేడు. వాన లేకపోయినా గుట్ట మీద పచ్చగా పూసే ఆ చెట్టును మనం ఇంటి ముందర పెట్టుకోం, ఎందుకంటే అది ఊరికే దొరుకుతాది గదా.

మట్టి విషయం. మన ఎర్ర గరుసు మన్ను ఒక్కటే నింపితే నీళ్లు నిలవవు, నల్లమన్ను ఒక్కటే నింపితే వేరు ఊపిరాడదు. ఎర్రమన్ను రెండు పాళ్లు, బాగా మాగిన దిబ్బ ఎరువు ఒక పాలు, చెరువు వండ్రు దొరికితే ఒక పాలు. డబ్బా అడుగున బొక్క ఉండల్ల. పైన రెండు వేళ్ల మందం శనక్కాయ పొట్టు పరిస్తే తడి తొందరగా ఆరదు. ఆ పొట్టు మాత్రం మొదలుకు ఆనకుండా జానెడు ఎడంగా ఉండల్ల, లేకుంటే చెదలు ఎక్కుతాయి. నేలలో పెట్టిన మొక్కకైతే పక్కన ఒక చిన్న మట్టికుండను మెడ దాకా పూడ్చి నీళ్లు పోసి మూత పెట్టండి. కుండ చెమర్చినంత తడి వేరుకు అందుతాది, ఎండకు ఆవిరి కాదు.

నీళ్లు రోజూ పోసేది అలవాటు కొద్దీ చేసే పని. మట్టిలో వేలు దూర్చి చూడండి. రెండు కణుపులు లోపల తడి ఉంటే ఆ పొద్దు పోయొద్దు.

అది పురుగా, ఉప్పా?

ఆకు పసుపైతే చాలు, మందు అంగడికి పోతారు. మన జిల్లాలో పసుపు ఆకుకు పెద్ద కారణం పురుగు కాదు, బోరు నీళ్లు. ఉప్పు, సున్నం ఎక్కువున్న నీళ్లు పోసిన కుండీకి చుట్టూ తెల్లటి పొర కడతాది. ఆకు అంచులు కాలినట్టు ఎండుతాయి. కొత్త ఆకు పసుపై దాని ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే మొక్కకు ఇనుము అందడం లేదని అర్థం. మట్టిలో ఇనుము ఉంటాది, సున్నం దాన్ని పట్టుకుని వేరుకు అందనీయదు. నూరువరహాలు మన దగ్గర ఎప్పుడూ పసుపుగా ఉండేది ఇందుకే. దానికి ఎన్ని మందులు కొట్టినా ఆకు పచ్చబడదు.

దీనికి చేసే పని చౌక. మొదటి గట్టి వాన పడిన రోజు కుండీలన్నీ బయట పెట్టండి. వాన నీళ్లు పైనుంచి పోయి అడుగు బొక్క నుంచి కారిపోతే ఉప్పు కూడా కొట్టుకుపోతాది. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు పోయొచ్చు, ఇంట్లో ఆవు ఉంటే ముందు దాని కుడితి చూసుకోండి. సర్ఫు నీళ్లు రోజూ వద్దు. ఇంకొక మాట. ఫ్లోరైడు భయంతో ఊరూరా ఫిల్టరు నీళ్ల ప్లాంట్లు వచ్చినాయి. ఆ మిషన్లు బయటికి వదిలే నీళ్లలో ఉప్పు బోరు నీళ్ల కంటే ఎక్కువ. "వృథా పోతాయి గదా" అని వాటిని మొక్కలకు మళ్లిస్తాండారు. అది మొక్కను దినదినం కొంచెంగా చంపేది.

ఆకు అడుగున ఎవరున్నారు?

పురుగుల్లో ఎక్కువ భాగం ఆకు అడుగునే కాపురం చేస్తాయి. అందుకే తిప్పి చూడమనేది.

పిండినల్లి: దూదిలాంటి తెల్లటి ముద్దలు. ఆకు చంకల్లో, మొగ్గల కింద ఉంటాది. వేలితో నలిపితే జిగట రసం వస్తాది. బూడిద తెగులు అట్ల కాదు, ఆకు పైన పౌడరు చల్లినట్టుంటాది, నలిపితే రసం రాదు. అది శిలీంధ్రం, చలికాలంలో గులాబీకి వస్తాది. ఆ ఆకులు కోసేసి, కుండీలను ఎడంగా పెట్టి గాలి ఆడనిస్తే చానా వరకు తగ్గుతాది.

పేనుబంక: చామంతి, గులాబీ లేత చివుర్ల మీద గుంపుగా చేరతాది. అవి వదిలే తీపి జిగట మీద మసి పడతాది. ఆ తీపి కోసమే చీమలు వస్తాయి. పిండినల్లి దగ్గరా ఇదే కథ. మనం ఆవును కాసినట్టు చీమలు ఈ పురుగులను కాస్తాయి, వాటిని తినడానికి వచ్చే పురుగులను తరుముతాయి. కాబట్టి ముందు చీమను ఆపల్ల. డబ్బా కింద రాయి పెట్టి, ఆ రాయిని నీళ్ల పళ్లెంలో పెట్టండి, పాలగిన్నెకు చేసినట్టే. ఆ నీళ్లు మూడు రోజులకోసారి పారబోయల్ల. లేకుంటే చీమ పోయి డెంగీ దోమ వస్తాది.

తామర పురుగులు: కంటికి ఆనీ ఆననట్టు సన్నగా ఉంటాయి. గులాబీ మొగ్గ విచ్చుకోకుండా అంచులు మాడిపోతే వీటి పనే. తెల్ల కాగితం మీద పువ్వును తట్టి చూడండి, గీతల్లాంటివి కదులుతాయి.

ఎర్రనల్లి: మాఘం పోయి ఎండ ముదిరినప్పుడు వస్తాది. ఆకు మీద సూది గుచ్చినట్టు పసుపు చుక్కలు, అడుగున సన్నటి గూడు. దుమ్ము పట్టిన మొక్కలకు ఎక్కువ. దీనికి మంచి మందు ఉత్త నీళ్లే. తెల్లారి ఆకు అడుగున గట్టిగా కొట్టి కడగండి. ఘాటు మందులు కొడితే నల్లిని తినే పురుగులు చచ్చి, నల్లి ఇంకా పెరుగుతాది.

తెల్లదోమ: మొక్కను కదిపితే గుంపుగా లేస్తాది. పసుపు రంగు అట్టకు ఆముదం పూసి కట్టండి, అంటుకుంటాది.

మల్లె మొగ్గలకు బొక్కలు పడి ఊదారంగుకు తిరిగితే లోపల పురుగు ఉన్నట్టు. ఆ మొగ్గలు ఏరేసి పూడ్చిపెట్టండి. కనకాంబరం ఊరికే వాడిపోతాంటే పీకి వేరు చూడండి. వేరుకు బుడిపెలు ఉంటే నులిపురుగు. ఆ మట్టిలో మళ్లీ కనకాంబరం పెట్టకుండా ఒక కారు బంతి పెట్టండి, బంతి వేరు నులిపురుగును అణుస్తాది.

వైద్యం వరస ఇది. మొదట చేయి. పాత పళ్ల బ్రష్షును సబ్బునీళ్లలో ముంచి పిండినల్లిని తోమేయండి, బాగా ముదిరిన కొమ్మను కోసి సబ్బునీళ్ల బకెట్లో ముంచండి. వీధిలో పారేయొద్దు, ఆడనుంచి ఇంకో ఇంటికి పోతాది. రెండోది నీళ్ల దెబ్బ. మూడోది సబ్బు, లీటరు నీళ్లకు 5 గ్రాములు. నాలుగోది యాప. యాపగింజల పప్పు 50 గ్రాములు దంచి, గుడ్డలో మూట కట్టి లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. తెల్లారి పిండి వడగట్టి, రవ్వంత సబ్బు కలిపి పెట్టుకుని పొద్దు గూకేటప్పుడు కొట్టండి. యాపనూనె అయితే లీటరుకు 5 మిల్లీలీటర్లు, సబ్బుతో కలిపి. ముందు రెండు ఆకుల మీద కొట్టి ఒక దినం చూడండి. మిట్టమధ్యాహ్నం కొడితే ఆకు మాడతాది. వారానికోసారి, మూడు వారాలు చేయల్ల. ఒక్కసారికే పోవల్ల అనుకుంటేనే మనం మందు అంగడికి పోతాం.

ఇంకో జాగ్రత్త. పిండినల్లి మధ్యలో ఒళ్లంతా పొడుగాటి తెల్లటి కుచ్చులతో, వడిగా పరిగెత్తే పెద్ద పురుగు కనిపిస్తే చంపొద్దు. అది పిండినల్లిని తినే అక్షింతల పురుగు పిల్ల. ఆస్ట్రేలియా నుంచి 1898లో మన దేశానికి తెచ్చిన జాతి. చూడ్డానికి పిండినల్లి మాదిరే ఉండేసరికి దాన్నే ముందు నలిపేస్తాం.

2010లో వచ్చిన చిన్న కందిరీగ

"పురుగును పురుగు తినడం పుస్తకాల్లో మాట" అనే రైతులను నేను చూసినా. వాళ్లకు ఒక జరిగిన కథ చెప్తా.

2008లో కోయంబత్తూరు దగ్గర బొప్పాయి పిండినల్లి కనిపించింది. దాని పుట్టిల్లు మెక్సికో. ఈడ దాన్ని తినే శత్రువు లేదు. రెండేళ్లలో తమిళనాడు, కేరళ, కర్ణాటక, ఆంధ్ర దాకా పాకింది. పేరుకు బొప్పాయిదే గానీ మందారం దానికి చానా ఇష్టం, మల్బరీ ఇంకా ఇష్టం. హిందూపురం చుట్టూ పట్టుపురుగులు పెంచుకుని బతికే రైతుల సంగతి మీకు తెలుసు. మల్బరీ ఆకుకు ఘాటు మందు కొడితే ఆ ఆకు తిన్న పట్టుపురుగు చస్తాది, కొట్టకుంటే ఆకే మిగలదు. పైగా పిండినల్లి ఒంటిమీద మైనం ఉంటాది, గుడ్లు దూది సంచిలో ఉంటాయి. మందు దానికి సరిగ్గా అంటనే అంటదు.

అప్పుడు బెంగళూరులోని జాతీయ కీటక పరిశోధనా సంస్థ వాళ్లు 2010లో ప్యూర్టోరికో నుంచి మూడు రకాల చిన్న కందిరీగలను తెప్పించినారు. మిల్లీమీటరుకు అటు ఇటుగా ఉండే ప్రాణులు, మనిషిని కుట్టవు. వాటిలో ఒకటి, అసెరోఫాగస్ పపాయే, బాగా నిలదొక్కుకుంది. తల్లి కందిరీగ పిండినల్లి కడుపులో గుడ్డు పెడతాది, పిల్ల దాన్ని లోపలి నుంచి తినేసి బయటికి వస్తాది. వదిలిన ఏడాది లోపలే చానా చోట్ల పిండినల్లి అణిగిపోయింది. ఎకరాలకు ఎకరాలు మందు డబ్బాలు చేయలేని పనిని అవి చేసినాయి.

దీంట్లో ఇంటి మందారానికి సంబంధం ఏందంటే, ఆ కందిరీగ సేన్లోనే ఉంటాదని రూలు లేదు. మీ మందారం మీదికీ వస్తాది. మీరు ఘాటు మందు కొడితే ముందు చచ్చేది అదే. మైనం కప్పుకున్న పిండినల్లి మిగిలిపోయి, శత్రువు లేక మళ్లీ పెరిగి, మీ గోడ దాటి పక్క సేన్లోకి పోతాది.

2000లో మన సేన్లు ఎందుకు ఎండినాయి?

ఇంటి మొక్క, ఊరి ఖాళీ జాగా, సేను వేరువేరని అనుకునేటోళ్లు 2000 సంవత్సరం గుర్తు తెచ్చుకోవల్ల. ఆ ఏడు ఖరీఫ్‌లో మన శనక్కాయ సేన్లు ఉన్నట్టుండి చివుర్లు నల్లబడి, కాండం ఎండి చచ్చినాయి. ఏం తెగులో మొదట ఎవరికీ తెలియలేదు. తర్వాత పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు తేల్చినారు, అది పొగాకు చారల వైరస్ వల్ల వచ్చిన కాండం కుళ్లు తెగులని. ఉమ్మడి అనంతపురం జిల్లాలో దాదాపు 2,25,000 హెక్టార్లు దెబ్బతిన్నాయని, 300 కోట్ల రూపాయలకు పైగా నష్టమని లెక్క కట్టినారు.

ఆ వైరస్ యాడ దాక్కొని ఉండె? వయ్యారిభామలో. ఆ మొక్కకు తెగులు లక్షణాలే కనిపించవు, పచ్చగా ఉంటాది. దాని పుప్పొడిలో వైరస్ ఉంటాది. పైన చెప్పిన తామర పురుగులు ఆ పుప్పొడిని ఒంటికి అంటించుకుని గాలికి కొట్టుకొచ్చి శనక్కాయ ఆకు మీద వాలి గీకుతాయి. ఆ గాయంలోంచి వైరస్ లోపలికి పోతాది. పొద్దుతిరుగుడుకు, బంతికి కూడా ఈ వైరస్ సోకుతాది. సేను చుట్టూ నాలుగు వరసలు జొన్నో సజ్జో వేయమని, వయ్యారిభామను పూతకు ముందే పీకమని అప్పుడు చెప్పింది అందుకే.

ఇప్పుడు మీ వీధిలో చూడండి. వయ్యారిభామ యాడ పెరుగుతాంది? కాలువ గట్టున, ఖాళీ ప్లాట్లలో, మనం కుండీలకు పోసి పారించిన నీళ్ల దగ్గర. పిండినల్లికి కూడా అదే అడ్డా. ఎండాకాలం తినడానికి ఇంకేమీ లేనప్పుడు దాని మీద బతికి, వానలకు మన మొక్కల మీదికి ఎక్కుతాది. కుండీలకు ఎన్ని వైద్యాలు చేసినా గోడ బయట వయ్యారిభామను వదిలేస్తే చీడ మళ్లీ వస్తాది.

మందు డబ్బా ఇంట్లో వద్దు

చివరికి నా తప్పు ఒకటి చెప్పుకోవల్ల. పద్దెనిమిదేండ్ల కిందట శనక్కాయకు తెచ్చిన మందు మిగిలితే నేనే ఇంటి ముందర గులాబీకి కొట్టినా. రెండు దినాలు పేనుబంక కనిపించలేదు. మూడో దినం మా పాప ఆ పువ్వు తెంపి రెక్కలు నములుతా ఉంటే చూస్తిమి. నోరు కడిగించి, బండి మీద ఆసుపత్రికి ఎత్తుకుపోతిమి. ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు. పది దినాల్లో పేనుబంక మొదటి కంటే ఎక్కువ వచ్చింది, దాన్ని తినే అక్షింతల పురుగు ఒక్కటీ రాలేదు.

సేను మందు ఎకరాకు లెక్క కట్టి చేసింది. గుక్కెడు నీళ్లలో కంటికి తోచినంత కలిపితే అది ఎంత ఘాటో ఎవరికీ తెలీదు. ఇంటి పువ్వు కొప్పులోకి పోతాది, పిల్లోళ్ల నోట్లోకి పోతాది, దేవుడి ముందరికి పోతాది. మందు డబ్బా మీద నిలువు చదరం బొమ్మ ఉంటాది, దాని కింద సగం రంగు చూడండి. ఎరుపైతే అన్నిటికంటే విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఈ గుర్తు చదువు రానోళ్ల కోసమే పెట్టినారు, కానీ అమ్మేటోళ్లు దాని గురించి చెప్పేది తక్కువ.

ఇంకొక కారణం కూడా ఉంది. ఈ జిల్లాలో పురుగుల మందు డబ్బా ఇంట్లో చేతికి అందేలా ఉండడం ఎంత ప్రమాదమో ఎన్నో కుటుంబాలకు తెలుసు. అప్పు, కోపం, దుఃఖం ఉన్న ఇంట్లో అది ఉండనే కూడదు. సేనికి ఎంత కావల్లనో అంతే తెండి. మిగిలితే తాళం వేసి పెట్టండి. పూలకుండీ పేరుతో దాన్ని గడప లోపలికి తేవద్దు.

ప్రభుత్వానికి కూడా ఒక మాట. రోడ్ల మధ్యలో ట్యాంకర్లతో నీళ్లు పోసి పెంచే మొక్కలకు పెట్టే ఖర్చులో కొంచెం పెట్టి, జూన్‌లో పూతకు రాకముందే వయ్యారిభామను పీకించండి. ఉపాధి హామీ కూలీలకు పని దొరుకుతాది. చేతులకు తొడుగులు ఇయ్యండి, ఉత్త చేతులతో పీకితే ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి. రోడ్డు పక్కన తంగేడు, నందివర్ధనం నాటండి. ఏ పురుగో తెలియని రైతుకు, ఇల్లాలికి ఆకు తీసుకుపోయి చూపించుకునేదానికి రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. అట్లాంటి సలహా మండలానికి ఒకచోటన్నా, వారానికి ఒకరోజన్నా దొరకల్ల.

మా వీధి అక్క నేను చెప్పినట్టే చేసింది. రెండు కొమ్మలు కోసేసింది, మనవడి పాత బ్రష్షుతో మూడు వారాలు తోమింది, డబ్బాను నీళ్ల పళ్లెంలో రాయి మీద పెట్టింది. వెనకాల కాలువ గట్టున వయ్యారిభామను ఆమే, ఇంకో నలుగురు ఆడోళ్లూ కలిసి పీకినారు. నెల దాటినాక పిలిచి చూపించింది. చివుర్లు వచ్చినాయి, మొగ్గ ఒకటి ఉంది. ఆకు తిప్పి, "ఈ మచ్చల పురుగు మంచిదా, చెడ్డదా తమ్ముడూ?" అని అడిగింది. అది అక్షింతల పురుగు. "మంచిదే అక్కా, ఉండనీ" అంటి.